నేలమాళిగలో గంట

మిర్యాలగూడలో బాయిల్డ్ బియ్యం మిల్లుకెళ్లి చూడండి. నానబెట్టి, ఆవిరి పట్టిన వడ్లు డ్రయ్యర్‌లోకి ఎక్కాకే అసలు గండం. వేడి చాలకపోతే గింజలో చెమ్మ మిగులుతుంది, మితిమీరితే మరలో పడ్డ బియ్యం నూకలవుతుంది. డ్రయ్యర్ దగ్గరివాడు గుప్పెడు గింజలు తీసి పంటికింద నొక్కి చూసుకుని కేకేస్తే, ఊక మండే బాయిలర్ దగ్గరివాడు ఆవిరి తగ్గించాలి. సూర్యాపేట, కోదాడ పాతతరం మిల్లర్లను అడిగినా ఆ కేక సంగతి చెబుతారు.

అలాంటి కబురే సుమారు 140 ఏళ్ల కిందట ఒక పంతులు పాఠాన్ని చెడగొట్టింది.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, వైట్‌వాటర్ ఊరు. టీచర్లను తయారుచేసే నార్మల్ స్కూలు. బయట ఎముకలు కొరికే చలి. వారెన్ సేమూర్ జాన్సన్ పాఠం మధ్యలో ఉన్నాడు. తలుపు తెరుచుకుంది. బంట్రోతు లోపలికొచ్చాడు, గది వేడిగా ఉందో చల్లగా ఉందో చూశాడు, నేలమాళిగలోకి దిగి వేడిగాలి దారిలోని పలకలు సర్దాడు. కాసేపటికి మళ్లీ తలుపు. పాఠం ఎక్కడ ఆగిందో పిల్లలకూ తెలియదు, పంతులుకూ తెలియదు. (ఈ చివరి మాట నా ఊహ. తలుపు తెరుచుకోవడం మాత్రం నిజం.)

ఇంకొకరైతే బంట్రోతును కసిరి ఊరుకునేవారు. జాన్సన్ 1847లో వెర్మాంట్‌లో పుట్టినవాడు. అచ్చుపని, సర్వే పని చేసి బడికి వచ్చినవాడు. చేతులు ఊరుకోలేదు. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుంది, ఇంకొకటి తక్కువ. రెంటినీ అతికించి చుట్టగా చుడితే, గది వేడెక్కేకొద్దీ ఆ చుట్ట మెలి తిరుగుతుంది. అది తిరిగి కరెంటు దారి కలిపితే చాలు, నేలమాళిగలో గంట మోగుతుంది. బంట్రోతు పైకి రానక్కర్లేదు. ఈ పరికరానికి 1883 జులై 24న పేటెంటు వచ్చింది. పేరు మాత్రం నోరు తిరగనిది: ఎలక్ట్రిక్ టెలీ థెర్మోస్కోప్.

మాంసం వ్యాపారంలో గడించిన ఇంటి వారసుడు విలియం ప్లాంకింటన్ డబ్బు పెట్టాడు. 1885లో మిల్వాకీలో జాన్సన్ ఎలక్ట్రిక్ సర్వీస్ కంపెనీ లేచింది. గంటతో ఆగితే జాన్సన్ ఎలా అవుతాడు? గంట విని మనిషి లేవడం కూడా ఎందుకనుకున్నాడు. గొట్టాల్లో ఒత్తిడిగాలి పంపి, ఆ గాలితోనే కవాటాలు తెరిచి మూసే పద్ధతికి 1895లో పేటెంటు పొందాడు. దాంతో ఏ గది వేడి ఆ గదికే కుదిరింది.

మరి అతని మనసంతా ఇక్కడే ఉందా? లేదు. ఆ ఒత్తిడిగాలితోనే గోపుర గడియారాలు నడిపాడు. ఫిలడెల్ఫియా సిటీ హాలు గడియారం అతనిదే, ఒక్కో ముఖం అడ్డంగా 26 అడుగులు. 1904 సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో పూల గడియారం పెట్టాడు. తర్వాత మోటారు బండ్ల మీద పడి, గుర్రాల్లేని బండ్లతో తపాలా బట్వాడా చేసే కాంట్రాక్టు దక్కించుకున్నాడు. పేటెంట్లు యాభై దాటాయి. నన్నడిగితే, ఇంత తిరుగుడు తిరిగిన మనిషికి పంతులుద్యోగం ఒక మజిలీ, గది వేడిని అదుపుచేసే థెర్మోస్టాట్ ఇంకో మజిలీ. లోకం అలా అనుకోలేదు.

1911 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లో జాన్సన్ పోయాడు. మరుసటేడు పగ్గాలు పట్టిన హ్యారీ ఎల్లిస్ కంపెనీ పద్దులు తిరగేసి, బండ్లూ గడియారాలూ వదిలేశాడు. భవనాల్లో వేడిని అదుపుచేసే పని ఒక్కటే ఉంచుకున్నాడు. ఆ కంపెనీయే 1974లో జాన్సన్ కంట్రోల్స్ అయింది.

ఫిలడెల్ఫియా గోపురం మీద గడియారం ఇంకా ఉంది.