పేరు రాయని సాజిందాలు: ఆంథోనీ గోన్సాల్వెస్ దాస్తాన్

నౌషాద్ సాహెబ్ పాటలు మన ఇళ్ళలో తాతల కాలం నుంచి వింటున్నాం. రఫీ సాహెబ్ ఆవాజ్‌ను తారీఫ్ చేస్తాం. షకీల్ బదాయూనీ షాయిరీని నెమరేసుకుంటాం. ఆ ఆవాజ్ వెనక అలల్లా లేచే వయొలిన్లు ఎవరివని మాత్రం అడగం. నేను ఈసారి రాస్తున్నది ఆ అడగని సవాల్ గురించే.

ఆంథోనీ గోన్సాల్వెస్ 1927లో గోవాలోని మజోర్డా గ్రామంలో పుట్టారు. అప్పుడు గోవా పోర్చుగీసు హుకూమత్‌లో ఉండేది. చర్చి బడుల్లో పిల్లలకు సంగీతం, పాశ్చాత్య స్వరలిపి నేర్పేవారు. ఆ ఇల్మే ఎందరో గోవా కుర్రాళ్ళకు బొంబాయిలో రోజీ అయింది. 1943లో ఆంథోనీ నౌషాద్ సాహెబ్ బృందంలో వయొలిన్ పట్టుకుని కూర్చున్నారు.

ఆర్కెస్ట్రా వయొలిన్ అంటే మెహనత్‌తో పాటు సబర్ కూడా కావాలి. వరుసలో అందరి కమాన్లూ ఒకేసారి పైకి లేవాలి, ఒకేసారి కిందికి దిగాలి. ఎవరి వయొలిన్ అయినా విడిగా వినబడిందా, అది తప్పే. తన హునర్‌ను పదిమందిలో కలిపేయడమే అక్కడి హునర్. పైగా ఆ రోజుల్లో గాయకుడూ ఆర్కెస్ట్రా కలిసే రికార్డింగ్ చేసేవారు. వెనక వరుసలో ఒక్క కమాను జారినా పాట మళ్ళీ మొదటికే.

సంగీత దర్శకుడు హార్మోనియం మీద ధున్ వినిపిస్తే, అరేంజర్ దాన్ని స్వరలిపిలో పెట్టి, ఏ సాజ్ ఏం వాయించాలో కాగితాల మీద రాసేవాడు. ఆంథోనీ ఆ పనీ చేశారు. ఇంత చేసినా సాజిందాల పేర్లు తెర మీదా, రికార్డు మీదా చాలామటుకు ఉండేవి కావు.

ఆయన ఖ్వాబ్ వేరే ఉంది. 1958లో సొంతంగా సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టి, హిందుస్తానీ రాగాలతో తాను రాసిన రచనలను బొంబాయి సెయింట్ జేవియర్స్ కాలేజీ ఆవరణలో వినిపించారు. లతా మంగేష్కర్, మన్నా డే ఆయన కోసం పాడారు. 1960ల మధ్యలో అమెరికా వెళ్ళారు. తిరిగొచ్చాక సొంతూళ్ళో గుమ్‌నామ్‌గా బతికి, 2012 జనవరిలో కన్నుమూశారు.

ఆయన దగ్గర వయొలిన్ నేర్చుకున్న షాగిర్దుల్లో ఒకరు, ట్రంపెట్ వాద్యకారుడు రాంప్రసాద్ శర్మ కొడుకు ప్యారేలాల్. తర్వాత లక్ష్మీకాంత్-ప్యారేలాల్ జోడీలో సగం ఆయనే. 1977లో 'అమర్ అక్బర్ ఆంథోనీ' సినిమాలో హీరో తన పేరు ఆంథోనీ గోన్సాల్వెస్ అని పాడితే దేశమంతా నవ్వుతూ పాడుకుంది. అది కల్పిత నామం అనుకున్నవారే ఎక్కువ. నిజానికి అది ఒక షాగిర్ద్ తన ఉస్తాద్‌కు చేసిన సలాం.

ముస్లిం దర్శకుడి బృందంలో క్రైస్తవ వయొలిన్ వాద్యకారుడు, ఆ క్రైస్తవుడి దగ్గర హిందూ షాగిర్ద్. సినిమా ఈ ముగ్గురినీ కలపడానికి ఎన్నో ఏళ్ళ ముందే రికార్డింగ్ గది కలిపింది. ఆ రోజు కూలి ఆ రోజు చేతికి అందితే హిసాబ్ తీరవచ్చు. పేరు చెప్పనిదే వాళ్ళ హఖ్ తీరదని నా నమ్మకం. ఈసారి పాత పాట పెట్టినప్పుడు, పల్లవి అయ్యాక అంతరా మొదలయ్యేలోపు వచ్చే ఆ వయొలిన్లను మీ పిల్లలకు వినిపించండి. ఆ పేరు కూడా చెప్పండి.