రైలు గుద్దినా తెరుచుకోని పెట్టె

ప్రత్యేక సంచికకు రైళ్ళ చరిత్రలోంచి ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడగగానే నాకు 1984 జూలై 17 గుర్తుకు వచ్చింది. ఆ రోజు ఇంగ్లండులోని ఓల్డ్ డాల్బీ వద్ద కావాలనే ఒక రైలు ప్రమాదం జరిపించారు.

అణువిద్యుత్ కేంద్రాల్లో వాడేసిన ఇంధనాన్ని అక్కడ రైళ్ళ మీదే సెల్లాఫీల్డుకు చేరవేస్తారు. దానిని ఉంచే ఉక్కు పెట్టెను ఫ్లాస్కు అంటారు. కాఫీ ఫ్లాస్కు కాదు, బరువు సుమారు 48 టన్నులు! ఊళ్ళ మధ్యగా పోయే ఆ బండికి ప్రమాదం జరిగితే తమ గతేమిటని జనం అడిగారు.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నియమాల ప్రకారం అటువంటి పెట్టెను 9 మీటర్ల ఎత్తు నుంచి ఏమాత్రం లొంగని గట్టి తలం మీద పడవేయాలి. 800 డిగ్రీల మంటలో అరగంట ఉంచే పరీక్ష వేరే ఉంది. అయితే 9 మీటర్ల నుంచి పడే వస్తువు వేగం గంటకు 48 కిలోమీటర్లే. రైలు అంతకు మూడింతల వేగంతో వస్తే? గూడ్సు గార్డుగా పనిచేసిన నాకూ అదే సందేహం. ప్రమాదస్థలానికి ముందు పరుగెత్తవలసింది మాబోటి వాళ్ళమే గదా!

అక్కడి విద్యుత్ బోర్డు, డ్రైవరు లేని డీజిల్ ఇంజనును, మూడు బోగీలతో సహా, గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పట్టాల మీద పడి ఉన్న ఫ్లాస్కు మీదికి వదిలింది. లోపల ఇంధనానికి బదులు నీరు, ఉక్కు కడ్డీలు ఉంచారు. ఇంజను నుజ్జునుజ్జయింది. ఫ్లాస్కుకు పైపై దెబ్బలే తగిలాయి. లోపల చదరపు అంగుళానికి 100 పౌన్లున్న ఒత్తిడిలో తగ్గినది 0.26 పౌను మాత్రమే.

ఇది ప్రచారం కోసం చేసిన తమాషా అని విమర్శించిన వారున్నారు. అందులోనూ కొంత నిజముంది. నలిగిపోయే ఇంజను దెబ్బలో చాలా భాగం తానే మింగుతుంది. లొంగని తలం ఏమీ మింగదు, దెబ్బంతా పెట్టెకే తగులుతుంది. కనుక చూడటానికి చిన్నదనిపించే 9 మీటర్ల పరీక్షే కఠినమైనది. నా సందేహం అలా తీరింది.

జనానికి ధైర్యమిచ్చింది ఆ రైలు. పెట్టెను అంత గట్టిగా చేయించింది మాత్రం ఎవరూ చూడని ఆ పరీక్షే. అయితే ఏ పరీక్ష అయినా సరిగా బిగించిన మూతకే వర్తిస్తుంది. ప్రతి ప్రయాణానికీ ముందు ఆ బోల్టులు బిగించే కార్మికుని శ్రద్ధే చివరి రక్ష. మన ఉద్యోగాలు మనకు నేర్పినదీ అదే కదా.