మాట విరుపు – సవర పలుకు

ఇంగ్లీషు పుస్తకాలలో పంక్తి చివర మాట పట్టనప్పుడు దానిని విరిచి, చిన్న అడ్డగీత పెట్టి, మిగిలిన భాగాన్ని కింది పంక్తిలో అచ్చువేయడం మనం చూస్తూనే ఉన్నాం. ఆ గీత ఎక్కడ పడాలన్నది స్వల్ప విషయంగా కనిపించినా, దానిపై పెద్ద వాదమే నడిచింది. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1783లో తన వర్ణక్రమ పుస్తకం ప్రకటించేనాటికి, 'క్లస్టర్' అనే మాటను పిల్లలకు 'క్ల-స్టర్' అని విరిచి నేర్పేవారు. చెవికి వినబడేది 'క్లస్-టర్' గనుక అలాగే విరవాలని ఆయన వాదించాడు. మాట పుట్టుకను, అందులోని అర్థభాగాలను బట్టి విరవాలన్నది మరొక పక్షం.

మనకు ఈ చిక్కు లేదనిపిస్తుంది. తెలుగులో ఏ అక్షరం తరువాతనైనా పంక్తి మారవచ్చు. కాని 'అమ్మ' అనే మాటను నోరు 'అమ్-మ' అని విరుస్తుంది. లిపి 'అ-మ్మ' అని విరుస్తుంది. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం ఛందస్సులో గురువు కావడానికి కారణం ఈ నోటి విరుపే.

తెలుగు పిల్లవానికి ఇది అలవాటైపోయిన సంగతి. అరకు లోయకు ఈశాన్యంగా తూర్పు కనుమలలో నివసించే సవరల పిల్లవానికి అలా కాదు. వారి భాష ముండా కుటుంబానిది. తెలుగుతో దానికి చుట్టరికం లేదు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల నోటి నుండే ఆ భాష నేర్చి, వారి పిల్లలకు పుస్తకాలు వ్రాసి, బడులు నడిపించారు.

సవరలో పులిని 'కినా' అంటారు. క్రియలో చేరినప్పుడు అది 'కిడ్' అనే పొట్టి రూపం దాలుస్తుంది. 'పులి నిన్ను పట్టుకొంటుంది' అనడానికి 'ఞమ్‌కిడ్‌తమ్' అనే ఒక్క మాట చాలు. 'ఞమ్' అంటే పట్టు, 'కిడ్' పులి, 'త్' కాలసూచకం, 'అమ్' నిన్ను. అర్థాన్ని బట్టి ఇవి నాలుగు భాగాలు. చెవికి మాత్రం 'ఞమ్-కిడ్-తమ్' అని మూడే. మన ఒత్తులతో వ్రాస్తే 'ఞమ్కిడ్తమ్' అవుతుంది. పులి చివరనున్న డకారం కాలసూచకమైన తకారంతో కలిసి ఒకే అక్షరమైపోయింది. ఇక వాటి నడుమ గీత పెట్టడానికి చోటే లేదు.

పంతులుగారు 1931లో వెలువడిన తమ సవర వ్యాకరణంలో ఒక్కొక్క ధ్వనిని విడిగా చూపగల రోమను లిపి సంకేతాలను వాడారు. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. ఈ రెండింటి నడుమ, 1936లో, మంగయి గొమాంగొ సవరలకే ప్రత్యేకించి 'సొరంగ్ సొంపెంగ్' అనే లిపిని కల్పించారు. అటుపిమ్మట అరకు ప్రాంతపు కుబి భాషను పరిశీలించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లో దానిపై గ్రంథం ప్రకటించారు.

ఇంగ్లీషులో విరుపు తప్పితే అచ్చుపుట అందం చెడుతుంది. చదువరి క్షణకాలం తడబడతాడు. తొలిసారిగా తన భాషను పుస్తకంలో చూస్తున్న కొండపిల్లవానికి కలిగే నష్టం అంతకన్న పెద్దది. ఇంట తాను పలికే మాటను పుటమీద గుర్తుపట్టలేకపోతే చదువే వానికి పరాయిదవుతుంది. కనుక లిపి కూర్చేవారు ముందుగా ఆ పలుకును చెవియొగ్గి వినవలసి ఉన్నది. గిడుగువారు చేసినది అదే.