అరుగు, పెరడు, లీడ్స్ ఇంటి తోట

ఉగాది వస్తోందంటే మన ఊళ్ళో కోయిల కూయాలి, వేపచెట్టు పూత పూయాలి, మామిడి పిందెలు రాలాలి. ఇక్కడ లీడ్స్‌లో ఉగాది నాటికి డాఫొడిల్ పూలు తలలూపుతుంటాయి, చెర్రీ చెట్లు మొగ్గ తొడుగుతుంటాయి, ప్రతి ఇంటి వెనకా షెడ్డు తలుపు కిర్రుమంటుంది. చలికాలమంతా మూలపడి ఉన్న కుర్చీలు బయటికి వస్తాయి. గడ్డి కోసే యంత్రం గుర్రుమంటుంది. ఇక్కడి వారి వసంతాగమనం అదే.

చాలా ఏళ్ళ క్రితం మా అమ్మ ఒక వేసవిలో మా ఇంటికి వచ్చింది. వచ్చిన మూడో రోజు సాయంత్రం వంటింట్లోంచి ఒక కుర్చీ మోసుకెళ్ళి, వీధి గుమ్మం ముందు వేసుకుని కూర్చుంది. నేను కంగారు పడి, "అలా బాగుండదమ్మా, ఇక్కడ ఎవరూ ముందు కూర్చోరు. వెనక తోట ఉందిగా, అక్కడ కూర్చో" అన్నాను. "అక్కడ కంచె తప్ప ఏముందిరా? ఇక్కడైతే నాలుగు మొహాలు కనబడతాయి" అంది అమ్మ. అయినా నా మాట కాదనలేక కుర్చీ తీసుకుని వెనక్కి వెళ్ళింది. ఆ మాట నన్ను చాలా కాలం వెంటాడింది. ఈ ఊరి ఇళ్ళ చరిత్ర, తోటల చరిత్ర నేను తిరగేయడానికి అదే కారణం. తెలుసుకున్నది నలుగురితో పంచుకుందామని ఈ వ్యాసం.

మొదటి సినిమా మన ఊరి తోటలోనే

సినిమా అంటే ప్రాణం పెట్టే జాతి మనది. మరి ప్రపంచంలో ఈనాటికీ మిగిలి ఉన్న చలనచిత్రాల్లో అతి పాతది మన లీడ్స్‌లోనే, అదీ ఒక ఇంటి తోటలో తీశారని మనలో ఎందరికి తెలుసు? 1888 అక్టోబరు 14న రౌండ్‌హేలోని ఓక్‌వుడ్ గ్రేంజ్ అనే ఇంటి తోటలో లూయీ లె ప్రిన్స్ అనే ఫ్రెంచివాడు తన కెమెరా నిలబెట్టాడు. అత్తగారు, మామగారు, కొడుకు, ఒక కుటుంబ స్నేహితురాలు, ఈ నలుగురూ అందులోని నటీనటులు. కథ లేదు, పాట లేదు, ఫైటింగు అసలే లేదు. నలుగురూ తోటలో నవ్వుతూ గుండ్రంగా తిరుగుతారు. మిగిలినది సుమారు రెండు సెకన్ల బొమ్మ. ఆ తర్వాత పది రోజులకే అత్తగారు సారా విట్లీ కన్నుమూశారు. 1890 సెప్టెంబరులో లె ప్రిన్స్ ఫ్రాన్సులోని దిజోఁ స్టేషన్లో రైలెక్కి మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. ఆ రెండు సెకన్లు మాత్రం నిలిచిపోయాయి. ఇంటిల్లిపాదీ తోటలో తీరిగ్గా గడిపిన ఒక్క మధ్యాహ్నం చరిత్రకెక్కింది.

ఆ తీరిక, ఆ తోట ఆనాటి లీడ్స్‌లో ఎందరికి ఉండేవి అన్నది అసలు ప్రశ్న.

వెనక వైపు లేని ఇళ్ళు

1801లో లీడ్స్ జనాభా 53 వేలు. 1901 నాటికి 4 లక్షల 29 వేలు. ఉన్ని మిల్లులు, నార మిల్లులు, ఇనుప కార్ఖానాలు మనుషులను అలా లాక్కొచ్చాయి. వాళ్ళందరికీ తల దాచుకునే చోటు కావాలి గదా! అందుకు పుట్టినవే 'బ్యాక్ టు బ్యాక్' ఇళ్ళు. ఒక ఇంటి వెనక గోడే వెనకింటి వారికీ వెనక గోడ. అటూ ఇటూ గోడలూ ఉమ్మడే. గాలి, వెలుతురు, తలుపు, కిటికీ అన్నీ వీధివైపు నుంచే. పెరడు మాట దేవుడెరుగు, పెరటి తలుపే ఉండదు. హేర్‌హిల్స్, బీస్టన్, హోల్బెక్ వీధుల్లో ఇలాంటి ఇళ్ళు మనందరం చూసినవే. మనవాళ్ళు కొందరు మొదట్లో అద్దెకు దిగినవీ ఇవే.

1909లో చట్టం వీటిని నిషేధించింది. అయితే అంతకు ముందే అనుమతి పొందిన వీధులకు ఆ నిషేధం వర్తించలేదు. ఆ సందుతో లీడ్స్‌లో 1937 దాకా ఇవి కడుతూనే ఉన్నారు. ఈనాటికీ వేల సంఖ్యలో ఉన్నాయి. పైగా మిల్లుల పొగ! వీధికి అడ్డంగా తాళ్ళు కట్టి బట్టలు ఆరేస్తే సాయంత్రానికి మసి పట్టేవి. 1956లో స్వచ్ఛ వాయు చట్టం వచ్చాక గాని ఈ ఊళ్ళో ఆకు పచ్చగా కనబడటం మొదలు కాలేదంటే అతిశయోక్తి కాదు.

వెనక వైపు లేని మనుషులు ఎక్కడ కూర్చుంటారు? గుమ్మం మెట్టు మీద. ఎండ కాస్తే చాలు, ఇల్లాళ్ళు మెట్ల మీద కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, పిల్లలను కనిపెడుతూ, ఎదురింటి వారితో కబుర్లాడేవారు. ఉత్తర ఇంగ్లండులో ఆ మెట్టును శుభ్రంగా కడిగి, అంచుకు ఒక మెత్తటి రాతితో తెల్లగానో, గోధుమ వన్నెలోనో గీత దిద్దేవారు. దానికి 'డాంకీ స్టోన్' అని పేరు. పాత బట్టలు పోగుచేసుకునే బండివాడు బట్టలకు బదులుగా ఆ రాయి ఇచ్చేవాడు. మనకు ఇది కొత్తా? వాకిట కళ్ళాపి చల్లి ముగ్గు వేయడం, పాత చీరలకు స్టీలు గిన్నెలు మార్చుకోవడం ఎరగని వాళ్ళెవరు మనలో! మెట్టు దిద్దని ఇల్లాలిని చూసి ఇరుగుపొరుగు మూతి విరిచేవారట. ముగ్గు పడని వాకిలిని చూసి మన వాళ్ళు ఏమనుకునేవారో చెప్పనక్కరలేదు.

గడ్డి కోసిన లీడ్స్

మరోవైపు డబ్బున్న వారు మిల్లు పొగకు దూరంగా హెడింగ్లీకి, రౌండ్‌హేకు తరలిపోయి తోటలు వేసుకున్నారు. ఇంగ్లీషు తోటకు ప్రాణం లాను. పూర్వం దాన్ని కొడవళ్ళతో కోయించాలి, లేదా గొర్రెలను మేపాలి. 1830లో గ్లాస్టర్‌షైర్‌కు చెందిన ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. దాని పళ్ళచక్రాల రొద అంతా ఇంతా కాదు. 1859లో మన లీడ్స్‌లోనే, నార్త్ స్ట్రీట్‌లోని స్మిత్‌ఫీల్డ్ ఐరన్ వర్క్స్ యజమాని థామస్ గ్రీన్, పళ్ళచక్రాలకు బదులు గొలుసుతో నడిచే యంత్రం తయారు చేశాడు. దానికి 'సైలెన్స్ మెసర్' అని లాటిన్ పేరు పెట్టాడు. అంటే చప్పుడు లేకుండా కోసేది అని. గుర్రం లాగే పెద్ద యంత్రాలు, మనిషి తోసే చిన్నవి, అన్ని రకాలూ చేశారు. గొప్పవారి ఎస్టేటుల్లోనే ఉండే లాను, మామూలు గుమాస్తా ఇంటి వెనకకు రావడానికి ఇలాంటి చిన్న యంత్రాలే దారి వేశాయి.

బర్మంటాఫ్ట్స్‌లో 1880 ప్రాంతం నుంచి 1904 దాకా చేసిన మెరుగు పింగాణీ పూలకుండీలకూ మంచి పేరుండేది. ఇక కుర్చీలు, బల్లల సంగతికొస్తే, ఇంగ్లండులో చెక్కపనికి పేరెన్నికగన్న థామస్ చిపెండేల్ 1718లో పుట్టింది మనకు కూతవేటు దూరంలోని ఆట్లీలోనే. ఆయన నమూనాల పుస్తకంలో తోటలో వేసుకునే ఆసనాల బొమ్మలు కూడా ఉన్నాయి.

అందరి తోట

తోట లేని వారి కోసం నగరమే తోట కొన్నది. 1871లో మేయరు జాన్ బారన్ పూనుకుని రౌండ్‌హే ఎస్టేటును 1 లక్ష 39 వేల పౌండ్లకు ఊరికి దక్కేలా చేశాడు. 1872లో విక్టోరియా రాణి కుమారుడు ఆర్థర్ దాన్ని ప్రారంభించాడు. "ఇంత దూరం ఎవడు పోతాడు?" అని జనం వేళాకోళం చేశారు. 1891లో షీప్‌స్కార్ నుంచి రౌండ్‌హేకు కరెంటు ట్రాము పడటంతో ఆ మాట అన్నవాళ్ళే సెలవు రోజున పిల్లాపాపలతో, తినుబండారాల బుట్టలతో బయల్దేరారు. ఇవాళ మనం కార్తీకం దాకా ఆగకుండా వేసవిలోనే వనభోజనాలు చేసుకునేది ఆ పచ్చికల మీదే. ఉసిరిచెట్టు లేకపోతేనేం, పులిహోర రుచి తగ్గలేదు! అరటిచెట్టు చూడాలని మనసు లాగితే అక్కడే 1984లో తెరిచిన ట్రాపికల్ వరల్డ్ ఉంది.

టెంపుల్ న్యూసమ్ కథ మనకు ఇంకా దగ్గరిది. 1760లలో కేపబిలిటీ బ్రౌన్ తీర్చిదిద్దిన ఆ ఉద్యానవనాన్ని 1922లో లీడ్స్ నగరానికి అమ్మినవాడు ఎడ్వర్డ్ వుడ్. నాలుగేళ్ళకు ఆయనే లార్డ్ ఇర్విన్ అనే పేరుతో మన దేశానికి వైస్రాయిగా వెళ్ళాడు. ఉప్పు సత్యాగ్రహంలో మన తాతల తరాన్ని జైళ్ళకు పంపిన ప్రభుత్వం ఆయనదే. 1931 మార్చి 5న గాంధీగారితో ఒడంబడిక చేసుకున్నదీ ఆయనే. ఢిల్లీలో కొత్తగా కట్టిన వైస్రాయి భవనంలో మొదట కాపురమున్నదీ ఆయనే. ఆ భవనం మొగల్ గార్డెన్‌ను 2023 నుంచి అమృత్ ఉద్యాన్ అంటున్నారు. ఆయన అమ్మిన తోటలో ఇవాళ మన పిల్లలు బంతి ఆడుకుంటున్నారు.

ఇక సొంత తోట సామాన్యుడికి దక్కింది మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత. పట్టణాల్లో ఎకరానికి 12 ఇళ్ళు మించకూడదని 1918లో ట్యూడర్ వాల్టర్స్ కమిటీ చెప్పింది. 1919 చట్టంతో కౌన్సిలు ఇళ్ళు పెద్ద ఎత్తున మొదలయ్యాయి. 1930లలో హోల్బెక్ చర్చి ఫాదరీ చార్లెస్ జెంకిన్సన్ లీడ్స్ హౌసింగు కమిటీకి అధ్యక్షుడై, మురికివాడల నుంచి వేల కుటుంబాలను గిప్టన్ వంటి చోట్లకు తరలించాడు. ముందొక చిన్న తోట, వెనకొక పెద్ద తోట, మధ్యలో ఇల్లు. ముందుది చూపుకు, వెనకది సుఖానికి. ఇప్పుడు మనం ఉంటున్న ఇళ్ళలో ఎక్కువ భాగానికి ఇదే నమూనా.

తిరగబడ్డ ఇల్లు

మన పాత ఇల్లు దీనికి సరిగ్గా తలకిందులు. ముందు వీధి అరుగు. తాతగారు, ఊరి కబుర్లు, బాటసారి, పోస్టుమాను అందరూ అక్కడే. వెనక పెరడు. నుయ్యి, తులసికోట, కరివేపాకు, అరటి, మల్లెపందిరి, అంట్లు తోముకునే చోటు. పెరడు పనికి, అరుగు మనుషులకు. వేసవి రాత్రి వాకిట్లో నీళ్ళు చల్లి నులకమంచాలు వాలిస్తే అదే మన తోట విందు.

మరో వింత చూడండి. ఇక్కడి దుకాణాల్లో తోట సామాను కొనబోతే సగం మన దేశపు మాటలే. వరండా అక్కడి నుంచి వచ్చిందే, బంగళా అక్కడి నుంచి వచ్చిందే. మంచానికి వీళ్ళనే 'కాట్' హిందీ 'ఖాట్'. టీపాయికీ టీకీ సంబంధం లేదు. అది మూడు కాళ్ళ 'తిపాయి'. ఓడల డెక్కు మీద పేరు తెచ్చుకున్న కాన్వాసు గుడ్డ కుర్చీ మనకు పడక కుర్చీగా సుపరిచితమే. ఇక 1972లో ఫ్రాన్సులో హెన్రీ మాసొనే అచ్చు పోసిన ప్లాస్టిక్ కుర్చీ దారిలోనే వచ్చిన తెల్ల కుర్చీలు మన పెళ్ళి పందిళ్ళలోనూ ఉన్నాయి, లీడ్స్ తోటల్లోనూ ఉన్నాయి.

మొక్కలదీ ఇదే కథ. 1781 నుంచి సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద వేసిన పెద్ద గ్రంథంలో తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. మన పెరటి మొక్కలు మనకంటే రెండు వందల ఏళ్ళ ముందే బొమ్మలై ఈ దేశం చేరాయి.

అమ్మ కుర్చీ

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేవారు. హేర్‌హిల్స్ బ్యాక్ టు బ్యాక్ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. అమ్మ ఇండియాకు తిరిగి వెళ్ళిపోయాక ఒకరోజు, "మీ అమ్మగారు ఆ రోజు గుమ్మం ముందు కూర్చుంటే మా అమ్మ గుర్తొచ్చింది. ఆవిడా అలాగే మెట్టు మీద కూర్చునేది. మర్నాడు టీ తీసుకుని వద్దామనుకున్నాను, మళ్ళీ కనబడలేదు" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఇది ఈ ఊరి ఆచారం కాదని నేను అమ్మను వెనక్కి పంపాను. తీరా చూస్తే అది ఈ ఊరి ఆచారమే. నేనే ఎరగను. అమ్మ మళ్ళీ లీడ్స్ రాలేదు. ఇప్పుడు లేదు కూడా.

అందుకని ఈ ఉగాదికి నాకు తోచిన నాలుగు మాటలు. తోట అందంగా ఉండాలంటే వందల పౌండ్లు పోయనక్కరలేదు. నాలుగు కుర్చీలు, ఒక తిపాయి చాలు. పెద్దవాళ్ళ కుర్చీకి చేతులుండాలి, కూర్చునే ఎత్తు కాస్త ఎక్కువుండాలి, వీపుకు గాలి కొట్టకుండా గోడ వారగా వేయాలి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటేదాకా వెలుగుంటుంది గనుక పడమటి ఎండ పడే చోటు చూసుకోండి. తులసి, కరివేపాకు కుండీలు మే నెల చివర మంచు భయం పోయాక బయట పెట్టి, సెప్టెంబరులో లోపలికి తెచ్చుకోండి. నాపరాళ్ళ మీద పిల్లల చేత సుద్దముక్కతో ముగ్గు పెట్టించండి. వానొస్తే కొట్టుకుపోతుంది, మళ్ళీ పెడతారు.

ఒక్క కుర్చీ మాత్రం వీధి గుమ్మం ముందు వేయండి. ఊరి నుంచి అమ్మో, నాన్నో, అత్తగారో వస్తే అక్కడ కూర్చోనివ్వండి. దారిన పోయేవారు చేయి ఊపుతారు. కొందరు ఆగి పలకరిస్తారు. మా ఇంటి ముందు ఇప్పుడొక కుర్చీ ఉంది. సాయంత్రం పూట నేనే కూర్చుంటున్నాను. మీరెవరైనా ఆ దారిన వెళితే ఆగండి, టీ తాగి వెళ్ళవచ్చు.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.