వద్దనగలిగే ఊరు

విదేశాల్లో కొన్నాళ్లు స్వచ్ఛంద సేవ చేసి రావాలనుకునే కుర్రకారుకు ఇవాళ దొరికే సలహాలన్నీ ఒకే రకానివి: ఏ దేశం, ఎన్ని వారాలు, ఫీజు ఎంత, బస ఎలా ఉంటుంది, సర్టిఫికెట్ ఇస్తారా. ఇవన్నీ వెళ్లేవాళ్ల వైపు నుంచి అడిగే ప్రశ్నలే. ఈ సేవకు నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. దాన్ని చూస్తే అసలు అడగాల్సిన ప్రశ్న వేరేదని తోస్తుంది: వచ్చినవాణ్ని 'ఇక చాలు, వెళ్లిపో' అనగల శక్తి ఆ ఊరికి ఉందా? మంచి కార్యక్రమాన్నీ చెడ్డదాన్నీ వేరు చేసేది చాలావరకు ఇదేనని నా వాదన.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెర్డన్ చుట్టుపక్కల పల్లెలు నేలమట్టమయ్యాయి. వాటిలో ఒకటైన ఎన్-ఆన్-ఆర్గోన్‌కు 1920 చివర్లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఇంజినీరు పియేర్ సెరెసోల్ ఒక చిన్న బృందాన్ని తీసుకువెళ్లాడు. అందులో జర్మన్లు కూడా ఉన్నారు. కూల్చిన దేశపు మనుషులే వచ్చి మళ్లీ కట్టాలన్నది ఆయన ఆలోచన. చెక్క ఇళ్లు కట్టారు, దారులు బాగుచేశారు. కానీ జర్మన్లు అక్కడ ఉండటంపై వ్యతిరేకత పెరగడంతో కొద్ది నెలలకే, 1921 వసంతంలో, పని ఆపి వెనుదిరగాల్సి వచ్చింది. దీన్ని వైఫల్యంగా చెప్పడం మామూలు. నాకు మాత్రం ఆ శిబిరంలో అన్నిటికన్నా ఆరోగ్యకరమైన విషయం అదే అనిపిస్తుంది. పొమ్మన్నారు, పోయారు. ఈ శిబిరం నుంచే సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ పుట్టింది. 1934 జనవరి 15న బిహార్‌ను భూకంపం కుదిపేసినప్పుడు అదే సెరెసోల్ యాభై దాటిన వయసులో ఇక్కడికి వచ్చాడు. అప్పటికే రాజేంద్ర ప్రసాద్ నాయకత్వంలో సహాయ సంఘం పని చేస్తోంది. సెరెసోల్ సొంత దుకాణం తెరవకుండా ఆ సంఘంతో కలిసి, ముంపు పల్లెలను మెరక నేలకు తరలించే పనిలో దిగాడు. యూరప్ నుంచి ఆయన వెంట వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మట్టి మోసిందీ గోడలు లేపిందీ ఎక్కువగా బిహారీలే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ పని ప్రభుత్వాల చేతికీ పెద్ద సంస్థల చేతికీ వచ్చింది. 1958లో అలెక్ డిక్సన్, మోరా డిక్సన్ దంపతులు బ్రిటన్‌లో వీఎస్‌వో (వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్)ను మొదలుపెట్టి, బడి చదువు ముగించిన పద్దెనిమిదేళ్ల పిల్లలను సారవాక్ లాంటి చోట్లకు పంపారు. తిండి, బస, కాస్త చేతిఖర్చు తప్ప జీతం లేదు. 1961 మార్చిలో అమెరికాలో కెన్నెడీ పీస్ కోర్‌ను స్థాపించాడు. ఆ ఏడాది డిసెంబరులోనే దాని తొలి బృందం పంజాబ్ చేరింది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌కూ వలంటీర్లు వచ్చారు. రెండేళ్లు ఉండాలి, ముందుగా భాష నేర్చుకోవాలి, కోళ్ల పెంపకమో పోషకాహారమో ఏదో ఒక పని చేపట్టాలి. కాబోయే అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ అరవై ఎనిమిదేళ్ల వయసులో బొంబాయి దగ్గర విఖ్రోలీకి నర్సుగా వచ్చింది కూడా దీని కిందే.

పీస్ కోర్ ప్రచ్ఛన్న యుద్ధపు ఆయుధం కదా, దాన్ని ఆదర్శంగా చూపడమేమిటని అడగవచ్చు. నిజమే, అమెరికా ప్రయోజనం అందులో ఉంది. కానీ ఉద్దేశాల స్వచ్ఛత మీద నా వాదన ఆధారపడలేదు. బంగ్లాదేశ్ యుద్ధం తర్వాత అమెరికాతో సంబంధాలు చెడినప్పుడు భారత ప్రభుత్వం వలంటీర్ల సంఖ్య కుదించేసింది, 1976లో కార్యక్రమమే ముగిసింది. వచ్చినవాడి మనసులో ఏమున్నా, తలుపు తీయడం, మూయడం ఇంటివాళ్ల చేతిలోనే ఉండింది.

ఆ తలుపు తర్వాత డబ్బు చేతికి వెళ్లింది. 1968 ఏప్రిల్‌లో ఆలోచనాపరుడు ఇవాన్ ఇలిచ్, మెక్సికోలో సేవకు బయల్దేరిన అమెరికన్ విద్యార్థుల ముందు నిలబడి వాళ్లను సూటిగా కడిగేశాడు: చూడటానికి రండి, నేర్చుకోవడానికి రండి, ఉద్ధరించడానికి మాత్రం రావద్దన్నాడు. ఆయన మాట విన్నవాళ్లు తక్కువ. తర్వాతి దశాబ్దాల్లో సేవ ఒక ప్యాకేజీ టూరుగా మారింది. వలంటీరే ఫీజు కడతాడు కాబట్టి అతనే కస్టమరు, అతనికి నచ్చే పనే సిద్ధంగా ఉండాలి. దీని చెడు ఫలితం అనాథాశ్రమాల్లో కనిపిస్తుంది. కంబోడియాలో పర్యాటకులు పెరిగేకొద్దీ ఆశ్రమాలూ పెరిగాయి. వాటిలోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. నేపాల్‌లోనూ ఇలాంటి గృహాలు ఖాట్మండు, పోఖరా, చిత్వన్ లాంటి పర్యాటక ప్రాంతాల్లోనే గుమిగూడాయి. 2017లో ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ విచారణ ఈ దందాను ఆధునిక బానిసత్వంతో ముడిపెట్టి చూసింది. రెండు వారాలు ఎత్తుకుని ఆడించి వెళ్లిపోయే అక్కనో అన్ననో ఆ పిల్లవాడు వద్దనలేడు. ఆ ఫీజుతోనే నడిచే నిర్వాహకుడు అసలే అనడు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. వద్దనే అధికారం పేదవాడి చేతిలో ఎప్పుడుంది, అది పెద్దలదీ ప్రభుత్వాలదీ కాదా అని. అనంతపురం వాళ్లకు ఇది బాగా తెలుసు. స్పెయిన్ నుంచి వచ్చిన మిషనరీ విన్సెంట్ ఫెర్రర్‌ను 1968లో మహారాష్ట్ర నుంచి వెళ్లగొట్టింది ప్రభుత్వమే. మన్మాడ్ రైతులు ఆయన కోసం వీధుల్లోకి వచ్చారు. 1969లో ఆయన అనంతపురం చేరి, 2009లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన సంస్థను నడిపిందీ అత్యధికంగా ఆ జిల్లా మనుషులే. అంటే తిరస్కరించే హక్కు తప్పుడు చేతుల్లోనూ పడుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ హక్కు ఉన్నచోట కాదన్నవాడు ఎవరో తెలుస్తుంది, అతనితో పోరాడవచ్చు, మరోచోట తలుపు తట్టవచ్చు. అది లేనిచోట నష్టపోయినవాడి గొంతు ఎక్కడా వినపడదు.

అందుకని ఫీజు కట్టేముందు సంస్థను మూడు మాటలు అడగండి. నన్ను పిలిచింది ఎవరు? నేను రాకపోతే ఈ పని అక్కడ ఎవరు చేస్తారు? నేను పనికిరానని తేలితే నన్ను పంపించేసేది ఎవరు? వీటికి ఊరి మనుషుల పేర్లతో జవాబు రావాలి. చిన్నపిల్లల ఆశ్రమమైతే అడగనక్కర్లేదు, వెళ్లవద్దు. జవాబులు రాకపోతే టూరిస్టుగానే వెళ్లి ఆ దేశం చూసి రండి.