పెద్దమ్మ పాటకు కాపీరైట్ క్లెయిమ్: సిద్దిపేటల పాట ఎవరి సొంతం?

పోయిన వారం ఎపిసోడ్ రాలేదు. దానికి కారణం మా పెద్దమ్మ పాట. ముందు ఆ ముచ్చట చెప్పి, తర్వాత అసలు చరిత్రలోకి పోదాం.

మా పెద్దమ్మది దుబ్బాక దిక్కు ఊరు. బీడీలు చేస్తది. బతుకమ్మ వచ్చిందంటే ఆమె పాట ఎత్తుకునేదాకా ఆడోళ్లు చప్పట్లు మొదలుపెట్టరు. 2021ల ఒక ఛానల్ వాళ్లు వచ్చి, స్టూడియోకు తీసుకపోయి, రెండు పాటలు పాడించుకున్నరు. మూడు వేల రూపాయలు, ఒక చీర ఇచ్చిండ్రు. కాయితం మీద సంతకం పెట్టమంటే పెట్టింది. అందులో ఏం రాసి ఉందో ఆమె చదవలే, వాళ్లూ చదివి చెప్పలే. అందులో ఒక పాటను లక్షల మంది చూసిండ్రు.

నేను జానపదం మీద వీడియో చేస్తూ, వాళ్లే ఆమె ఫోనుకు పంపిన ఆడియోలోంచి నలభై సెకన్ల ముక్క పెట్టిన. అప్‌లోడ్ అయిన కాసేపటికే క్లెయిమ్ వచ్చింది. వీడియో ఉంటది గానీ, దాని మీద వచ్చే పైసలు వాళ్లకు పోతయి. ఈ సంగతి పెద్దమ్మకు చెప్తే ఒకటే మాట అడిగింది: "నా గొంతుకు నేనే దొంగనైతినా బిడ్డా?"

నాకు కోపం వచ్చింది. రెండు రోజులు కూర్చుని చట్టం చదివిన. చదివినంక కోపం తగ్గలే గానీ, ఒకటి అర్థమైంది. ఆ రికార్డింగ్ విషయంలో వాళ్లు తప్పు చేయలే. నేను నాలుగేండ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసిన. అక్కడ ఒక్క లైన్ కోడ్ రాసినా ఎవరు రాసిండ్రు, ఏ తారీఖున రాసిండ్రు అనేది సిస్టంలో ఉండిపోతది. పాటకు అసొంటి లెక్క మన దగ్గర ఎన్నడన్నా ఉండెనా అని వెతకడం మొదలుపెట్టిన. ఉండె. వేరే తీరుగా ఉండె.

మన జిల్లాలోనే చూద్దాం. కొమురవెల్లి మల్లన్న జాతర సంగతే తీసుకోండి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారం వచ్చిందంటే రోడ్డు మీద బండి కదలదు. అక్కడ ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, బియ్యప్పిండితో పట్నం వేసి, ఒగ్గు వాయించుకుంటూ మల్లన్న కథ చెప్తరు. ఒగ్గు అంటే చిన్న డమరుకం. భక్తులు ఇచ్చే కట్నమే వాళ్ల సంపాదన. ఆ కథ మీద ఎవరి పేరూ ఉండదు, కానీ ఎవరు చెప్పాలి, ఎవరికి చెప్పాలి, ఎవరు పైసలు తీసుకోవాలి అనేది పక్కా. ఈ కథను పల్లె దాటించి పెద్ద వేదికల మీదికి తీసుకపోయిన చుక్క సత్తయ్యకు 2004లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది.

కొమురవెల్లికి పక్కనే చేర్యాల. చేర్యాల నకాషి బొమ్మలు ఇప్పుడు డ్రాయింగ్ రూముల్లో ఫ్రేము కట్టి పెడుతున్నరు గానీ, అవి గోడకు వేలాడదీయడానికి పుట్టినవి కావు. కథ చెప్పేటోళ్ల కోసం పుట్టినవి. మూరల కొద్దీ పొడవున్న గుడ్డ మీద కుల పురాణం మొత్తం గీసి ఇస్తే, కథకుడు దాన్ని ఒక్కో బొమ్మ విప్పుకుంటూ పాడేటోడు. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు, గొల్లలకు మందహెచ్చుల వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు. ఒక్కో కుటుంబానికి కొన్ని ఊళ్లు హక్కు. దాన్ని మిరాశి అనేవాళ్లు. ఆ ఊర్లో వేరే కుటుంబం వచ్చి పటం కట్టి కథ చెప్పడానికి లేదు. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్టు ఊళ్లు కూడా పంచుకునేది.

నేను ఇది మొదటిసారి చదివినప్పుడు, ఇది కాపీరైటే కదా అనిపించింది. ఒక్క తేడా ఉంది. పాటకు గీసిన హద్దు కాదు, ఊరికి గీసిన హద్దు. అయితే దీన్ని చూసి మురిసిపోవాల్సిన పని లేదు. ఆ హక్కు కులంతోని వచ్చేది, కులంతోనే కట్టేసేది. డక్కలి వాళ్లను ఎంత దూరం పెట్టిండ్రో తెలిసినోళ్లు ఆ కాలమే బాగుండె అని అనరు. కానీ పాడేటోనికి పంట కాలంలో గింజలు కొలిచి ఇయ్యాలె అనే లెక్క అందులో ఉంది. ఆ లెక్క పోయింది, దాని జాగల ఇంకోటి రాలే.

ఎందుకు రాలేదంటే, నడిమిట్ల మిషిను వచ్చింది. 1902లో కలకత్తాలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన గౌహర్ జాన్ పాటను రికార్డు చేసినప్పటి నుంచి, పాటకు రెండు శరీరాలు వచ్చినయ్. ఒకటి మనిషి గొంతు, రెండోది రికార్డు. రెండోదానికి ఓనర్ ఎవరంటే, రికార్డు చేయించినవాడు. మన 1957 కాపీరైట్ చట్టం కూడా సౌండ్ రికార్డింగ్‌కు కర్త నిర్మాతే అంటది. పెద్దమ్మ కేసులో జరిగింది ఇదే.

గ్రామఫోను కాలంలో మన పల్లె పాట ఆ మిషిను దాకా పోయింది చాలా తక్కువ. క్యాసెట్ వచ్చినంకనే తలుపులు తెరుచుకున్నయ్. 1980లల్ల టేపు అగ్గువైంది. ఢిల్లీ దర్యాగంజ్‌లో పండ్ల రసం దుకాణం నుంచి వచ్చిన గుల్షన్ కుమార్, టీ-సిరీస్ పెట్టి అప్పటిదాకా రాజ్యమేలిన పెద్ద కంపెనీని కదిలించిండు. చట్టంలోని కవర్ వెర్షన్ వెసులుబాటును ఆయన వాడుకున్న తీరు మీదనే ఒక ఎపిసోడ్ చేయొచ్చు. పీటర్ మాన్యుయెల్ అనే పరిశోధకుడు 1993లో 'క్యాసెట్ కల్చర్' అని పుస్తకమే రాసిండు. ప్రాంతీయ పాటకు టేపు ఎట్ల ప్రాణం పోసిందో అందులో ఉంటది.

నా చిన్నప్పుడు జాతరలో మల్లన్న కథ, ఎల్లమ్మ కథ క్యాసెట్లు కుప్పలు పోసి అమ్మేది. తర్వాత సీడీలు. ఇప్పుడు మెమరీ కార్డుల్లో వేసి ఇస్తున్నరు. అట్ట మీద అమ్మవారి బొమ్మ పెద్దగ, కంపెనీ పేరు మధ్యరకంగ, పాడినోళ్ల పేరు చిన్నగ ఉండేది. రాసినోళ్ల పేరు చాలా వాటి మీద నాకు కనపడలే.

ఇక్కడ ఇంకో దారి కూడా ఉంది, దాన్ని మరువద్దు. పైసల కోసం కాకుండా పాడిన పాట. మన గజ్వేల్ పక్కన ప్రజ్ఞాపూర్‌లో పుట్టిన బి. నర్సింగరావు 'మాభూమి' సినిమా తీయించిండు. గౌతమ్ ఘోష్ దర్శకుడు. అందులో గద్దర్ 'బండెనక బండి కట్టి' పాడుతూ కనిపిస్తడు. ఇప్పటికీ అది గద్దర్ రాసిన పాట అనుకునేటోళ్లు మస్తుమంది ఉన్నరు. రాసింది సాయుధ పోరాట కాలం నాటి బండి యాదగిరి. గద్దర్ దీన్ని ఎన్నడూ దాచలే, తప్పు ఆయనది కాదు. జనం గుర్తుపెట్టుకునేది గొంతును, మొఖాన్ని. 2024 డిసెంబర్ 9న రాష్ట్ర ప్రభుత్వం తొమ్మిది మంది కవులు, ఉద్యమకారులకు ఇంటి స్థలం, కోటి రూపాయలు ప్రకటించినప్పుడు ఆ జాబితాలో బండి యాదగిరి పేరు ఉంది. 1940ల పాటకు 2024ల లెక్క తేలింది. అది కూడా రాయల్టీ కాదు, సన్మానం. రెంటికీ తేడా ఏందంటే, సన్మానం ఇచ్చేటోడి ఇష్టం. రాయల్టీ రాసినోడి హక్కు.

ఉద్యమ కాలం అంతా ఇదే తీరు. 2002లో మొదలైన ధూంధాం వేదికల మీద ఎంతమంది పాడిండ్రో లెక్క లేదు. ధూంధాంను ముందుండి నడిపిన రసమయి బాలకిషన్ ఆధ్వర్యంలో, రాష్ట్రం వచ్చినంక తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు కొలువులు ఇచ్చిండ్రు. నెల జీతం అంటే చిన్న విషయం కాదు, అది నేను తక్కువ చేయను. కానీ సర్కారు జీతగాడు సర్కారు పథకాల మీదనే పాట కట్టాలె. ఇక ఆ 550లో లేనోళ్లు మళ్లీ పెండ్లిళ్లు, దశదినకర్మలు, ఎలక్షన్ ప్రచారాలు.

అందెశ్రీ గారిది మన జిల్లానే, రేబర్తి. బడికి పోలే, తాపీ మేస్త్రీగా బతికిండు. ఆయన రాసిన 'జయ జయహే తెలంగాణ' ఉద్యమంలో బడుల్లో, సభల్లో మోగింది. రాష్ట్రం వచ్చిన పదేండ్లకు, 2024లో అధికారిక గీతం అయింది. కీరవాణితో సంగీతం చేయిస్తే, తెలంగాణ సంగీతకారులకు ఈ అవకాశం ఎందుకు ఇయ్యలేదని ఇక్కడి సినిమా మ్యుజీషియన్లు అభ్యంతరం చెప్పిండ్రు. అందెశ్రీ గారు 2025 నవంబర్ 10న పోయిండ్రు. నా వరకు నేను, ఆ రోజు వచ్చిన వీడియోల్లో ఎన్ని ఛానళ్లు ఆయన పాట పెట్టుకుని యాడ్లు వేసుకున్నయో చూసి, ఫోన్ పక్కకు పెట్టిన.

సరే, యూట్యూబ్ దగ్గరికి వద్దాం. 2016 సెప్టెంబర్‌ల జియో వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా అయింది. ఈ రెంటికీ సంబంధం లేదు గానీ, నా తలకాయలో రెండూ కలిసే ఉంటయి. ఎందుకంటే ఆ తర్వాతనే మా దోస్తులల్ల ఒక్కొక్కడు కెమెరా కొన్నడు. చిన్న గదిలో గోడలకు ఫోమ్ కొట్టి స్టూడియో అన్నరు. పల్లె పాటకు హీరో, హీరోయిన్, కాలువ గట్టు మీద డాన్స్ వచ్చినయ్. 2021ల 'బుల్లెట్టు బండి' ఒక పెండ్లికూతురి డాన్సుతోని ఎట్ల పాకిందో మీకు తెలుసు. సినిమా కంపెనీ లేదు, పాట ఉంది, జనం ఉన్నరు. ఇది నిజమైన అవకాశం, కాదనలేం.

అయితే 2018ల యూట్యూబ్ రూల్ మార్చింది. అప్పటి లెక్కల వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వాచ్ టైం లేకపోతే యాడ్ల పైసలు రాకపోయేది. బీడీలు చేసే మనిషికి అది యాడ అయితది? పెద్ద ఛానల్ దగ్గరికి పోక తప్పదు. పాత కాలంలో ఊరికి మిరాశి ఉండె, ఇప్పుడు ఛానల్‌కు మిరాశి. ఫరక్ ఏందంటే, ఈ మిరాశి పాడేటోని పేరు మీద లేదు.

సినిమా దాకా పోయినా బాధ తప్పలే. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాకు సుద్దాల అశోక్ తేజ రాసిన 'సారంగ దరియా' వచ్చినప్పుడు, అది తాను ఊర్లో సేకరించి టీవీ కార్యక్రమంలో పాడిన పాట అని ఒక జానపద గాయని ముందుకొచ్చింది. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు పేరు, పారితోషికం ఇస్తమన్నడు. చట్టం చూస్తే జానపద పల్లవి ఎవరి సొంతం కాదు, కొత్తగా కట్టిన చరణాలు కవివి. సేకరించినోళ్లకు చట్టంలో పెద్దగ జాగ లేదు. నాకు ఇద్దరి వాదనా అర్థమైతది, అందుకే ఈ విషయంలో ఒకరి పక్షం తీసుకోలేను.

కిన్నెర మొగులయ్య గారి సంగతి ఇంకా బాధ. డక్కలి వాళ్ల వాయిద్యం కిన్నెర, ఆయనది 12 మెట్ల కిన్నెర. 2021ల 'భీమ్లా నాయక్' పాటతో అందరికీ తెలిసిండు, 2022ల పద్మశ్రీ వచ్చింది. 2024 మే నెలలో ఆయన కూలి పని చేస్తున్న వీడియో పేపర్లల్ల, టీవీలల్ల వచ్చింది. పేరు ఎంత పెద్దగైనా, నెలనెలా వచ్చే లెక్క లేకపోతే ఇట్లనే ఉంటది.

ఇప్పుడు చట్టం. నేను లాయర్‌ను కాదు, చదివింది చెప్తున్న. 2012 సవరణ తర్వాత రికార్డింగ్‌లో వాడిన పాటకు కవి, సంగీతం కట్టినోడు రాయల్టీలో సమాన వాటాను వదులుకుంటున్నట్టు రాసిచ్చినా చెల్లదు. వారసులకు, కాపీరైట్ సొసైటీకి తప్ప ఎవరికీ అది ఇచ్చుకోలేరు. 1969 నుంచి ఉన్న ఐపీఆర్ఎస్‌లో కవులు, సంగీతకారులు సొంతంగా సభ్యులు కావచ్చు. పాడేటోళ్లకు కూడా వ్యాపారంగా వాడినప్పుడు రాయల్టీ అడిగే హక్కు పెట్టిండ్రు. అన్నిటికన్నా నాకు నచ్చింది 19వ సెక్షన్. హక్కు రాసియ్యాలంటే సంతకం పెట్టిన కాయితం ఉండాలె, నోటి మాట చెల్లదు. ఆ కాయితంలో ఎన్నేండ్లకు అని రాయకపోతే ఐదేండ్లే అనుకోవాలె. ఈ ఒక్క లైను తెలియక ఎంతమంది తమ పాట ఎప్పటికీ పోయిందనుకుంటున్నరో.

ఇది చదివి నేను రాత్రి పదింటికి పెద్దమ్మకు ఫోన్ చేసిన. "ఆ కాయితం ఉందా?" అంటే "ఉంటది ఎక్కడన్నా" అన్నది. తెల్లారి పోయినం. సందుగ అడుగున, ఆధార్ జిరాక్సుల మధ్య దొరికింది. ఒక్క పేజీ. 2021 సెప్టెంబర్ 19. పాట హక్కులన్నీ ఇచ్చినట్టు ఉంది. ఎన్నేండ్లకు అనేది లేదు.

పల్లవి పాతది, ఊరందరిది. కానీ అందులో బీడీ ఆకు మీద, తునికాకు తడపడం మీద ఆరు చరణాలు పెద్దమ్మ సొంతంగా కట్టినవి. ఆ రికార్డింగ్ వాళ్లదే, దాన్ని మేం ముట్టుకోం. ఆ చరణాలు మాత్రం నా లెక్క ప్రకారం ఈ సెప్టెంబర్‌తోని ఆమె దగ్గరికి వస్తయి. సిద్దిపేటల తెలిసిన వకీలుకు కాయితం చూపించినం. నోటీసు ముసాయిదా రాస్తున్నడు, ఆయన ఏమంటడో తర్వాతి ఎపిసోడ్‌ల చెప్త. ఈలోపు నా వీడియోలోంచి ఆ నలభై సెకన్లు తీసేసి మళ్లీ పెట్టిన.

బతుకమ్మకు కొత్తగా రికార్డు చేద్దామని పెద్దమ్మతో అన్న. కాయితం ఈసారి నేను చదివి వినిపిస్తా అని కూడా చెప్పిన. ఆమె బీడీ చుట్టుకుంటనే తల ఊపింది. "డప్పు మీదికి ఎక్కనీయకు, నా మాట వినపడాలె" అన్నది.