మునసబు ఏనాటివాడు?

కోటబొమ్మాళి, టెక్కలి వైపు ఊరి పెద్దరికం మాట వస్తే వినిపించేది ఒకటే కథ. తరతరాల మునసబు, కరణాల ఏలుబడిని 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో తుడిచేసిందని. మరి ఆ ఏలుబడిని నిలబెట్టిందెవరు?

జమీందారుల సంగతి తెలిసిందే. 1802 శాశ్వత శిస్తు నిర్ణయం, 1936లో ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి ఎస్టేటు రెండుగా చీలడం, 1948 రద్దు చట్టం. అంతకంటే చూడవలసింది వారి కింద ఉన్నవారిని. కరణం ఈస్టిండియా కంపెనీకి ముందూ ఉన్నాడు, కాదనను. కానీ 1802లోనే 29వ రెగ్యులేషన్ అతణ్ణి చట్టం చట్రంలోకి తెచ్చింది. 1816 రెగ్యులేషన్లు గ్రామపెద్దకు, అంటే మునసబుకు, పోలీసు పని అప్పగించి, పది రూపాయల లోపు దావాలు తీర్చే అధికారమిచ్చాయి. జమీందారీ గ్రామాల్లో ఇవి అచ్చంగా అలాగే నడిచాయని చెప్పడం కష్టం. 1895 చట్టం వంశపారంపర్యానికి సర్కారు ముద్ర వేసింది.

కొండల్లోనూ అంతే. 1830ల పర్లాకిమిడి అల్లర్ల తర్వాత, కమిషనరు రస్సెల్ నివేదిక మీదట, 1839 చట్టం మన్యాన్ని మామూలు కోర్టుల నుంచి తప్పించి కలెక్టరును ఏజెంటుగా కూర్చోబెట్టింది. కనుమలు కాసే బిస్సోయీల పెద్దరికం ఆ ఏజెంటు కనుసన్నల్లోకి వచ్చింది. ఇది ఇక్కడి ముచ్చటే కాదు. ఆగ్నేయ నైజీరియాలో బ్రిటిషువారు ‘వారెంటు’ కాగితమిచ్చి నాయకులను తయారుచేశారు. 1929లో అక్కడి స్త్రీలు తిరగబడింది వారిమీదే. వలస ప్రభుత్వాలు ఇలాంటి నాయకుల ద్వారా ఆఫ్రికాను ఏలిన తీరు గురించి పండితుడు మహమూద్ మమ్దానీ రాసినది చదివితే మన మునసబు గుర్తుకొస్తాడు. పోలిక పూర్తిగా అతకదు. ఇక్కడ కులం ముందునుంచీ ఉంది.

ఇంకో మాట మరుగున పడింది. వంశం చూసి మునసబు పదవి ఇవ్వడం చెల్లదని గాజుల దశరథ రామారావు కేసులో సుప్రీంకోర్టు 1960లోనే తేల్చింది. కాబట్టి 1984లో పోయింది ఉద్యోగం. వంశహక్కుకు అప్పటికే చట్టబలం లేదు. ఊళ్లో పలుకుబడికి మాత్రం ఏ ఆర్డినెన్సూ అవసరం లేదు. తగాదాలు ఇప్పటికీ పెద్దమనుషుల దగ్గరికే ముందు వెళ్తాయి.

2019 అక్టోబరు 2న వచ్చిన గ్రామ సచివాలయాలు కాగితాల పని తేలిక చేశాయి, ఒప్పుకోవాలి. కానీ అందులోని ఉద్యోగి జవాబు చెప్పేది పై అధికారులకు. ఊరు ఎన్నుకున్న సర్పంచి పక్కకు జరిగాడు. ఊరి చేతికి అధికారం ఇవ్వడంలోనూ తొందర లేదు. షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభకు అధికారమిచ్చే పీసా చట్టం 1996లో వస్తే, రాష్ట్రం 1998లో తన చట్టం చేసుకుని, నిబంధనలకు 2011 దాకా ఆగింది. మునసబును తీసేయడానికి ఒక్క ఆర్డినెన్సు చాలింది.